విప్పని కవర్లు

గోడ మీద ఎర్ర అంకె ఇరవై మూడు దగ్గర ఆగి ఉంది. ఇసావో చేతిలోని చీటీ మీద ముప్పై ఆరు. మధ్యలో పదమూడు మంది, మూడు బల్లలు, మనిషికి పావుగంట, అంటే గంటకి కాస్త పైన. ఆ తర్వాత పక్క గదిలో పింఛను బల్ల, అది పదకొండింటికి. ఇప్పుడు తొమ్మిదిన్నర. టౌను సమావేశ మందిరం రెండో అంతస్తులో, ఏడాది పన్ను లెక్కలు అప్పజెప్పడానికి ఈ రోజు నికుర పల్లె వంతు, రేపు పై ఊరు, ఎల్లుండి ఏటి అవతలి వాళ్లు. అందుకే కుర్చీల్లో ఉన్న మొహాలన్నీ తెలిసినవే, వాళ్ల పొలం గట్లు తెలిసినవే, ఎవరి ట్రాక్టరు ఎలా దగ్గుతుందో, ఎవరింట్లో ఎవరికి ఎవరితో పడదో అన్నీ తెలిసినవే. గది మధ్యలో కిరసనాయిలు పొయ్యి, దాని మీద కెటిల్, ఆవిరి. కింద విప్పి వచ్చిన బూట్ల నుంచి కరిగిన మంచు వాసన మెట్లెక్కి వస్తోంది. అందరి కాళ్లకీ ఆఫీసు వాళ్ల ఆకుపచ్చ చెప్పులు, మగవాళ్ల మడమలు సగం బయటికి. పక్కన చిజుకో. ఒళ్లో నీలం గుడ్డ సంచి, దాని మీద రెండు చేతులూ. ఆ సంచిలోనే వాళ్లింటి ఏడాది మొత్తం ఉంది, డీజిలు, ఎరువు, నారు పెట్టెలు, ఆమె కట్టించుకున్న పళ్లు. ముప్పై ఏడేళ్లుగా ఆమె ఒక్కతే వచ్చేది ఇక్కడికి. ఈసారే అతన్ని వెంట తీసుకొచ్చింది. "పింఛను దగ్గర నీ నోటితో నువ్వే చెప్పాలట నాన్నా, నేను చెప్తే వినరట," అంది. పిల్లలు పుట్టినప్పుడు మొదలైన పిలుపు అది. పిల్లలు వెళ్లి వాళ్ల కాపురాలు వాళ్లు చేసుకుంటున్నా ఆ పిలుపు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

నీ నోటితో నువ్వే చెప్పాలి. అదే కదా వచ్చిన తంటా. అతని నోటి నుంచి రోజుకి ఎన్ని మాటలు వస్తాయో చిజుకో ఒకసారి లెక్కపెట్టింది, పదిహేడు, అందులో ఎనిమిది "ఊఁ". సహకార సంఘం వాళ్ల ధాన్యం ఆరబెట్టే ప్లాంటులో నలభై రెండేళ్లు, అక్కడ మాట్లాడితే మిషన్ల హోరులో ఎవరికీ వినపడదు, మాట్లాడకపోతే ఎవరూ అడగరు. గింజ తీసి పంటి కింద పెట్టి కొరికితే చాలు, తేమ పదిహేను, పదహారున్నర, ఇది ఇంకో రాత్రి ఆరాలి. మీటరు పెట్టి చూసిన కుర్రాళ్లు బిత్తరపోయేవాళ్లు. వడ్లు చెప్పేది పళ్లకి తెలుస్తుంది, మనుషులు చెప్పేదే తెలియదు. మార్చి ముప్పై ఒకటితో అదీ అయిపోతుంది. అరవైకి ఒకసారి రిటైరయ్యాడు, పూలగుత్తి ఇచ్చారు, మర్నాడు అదే లాకరు, అదే టోపీ, సగం జీతం. ఇప్పుడు నిజంగా అయిపోతుంది. మే నెలలో అరవై ఐదు. పోయిన వారమే వచ్చింది పింఛను వాళ్ల ఆకుపచ్చ కవరు, చేతికి బరువుగా ఉంది, ఎప్పటిలాగే విప్పకుండా తీసుకెళ్లి చిజుకో కాగితాల బుట్టలో పడేశాడు.

ఆ కవరు రాకముందే ఆమె లెక్క ఆమె వేసి ఉంచుకుంది. పోయిన ఏడాది వసంతం నుంచీ వేస్తూనే ఉంది. అరవై ఐదుకే తీసుకుంటే ఇంత. తీసుకోకుండా ఊరుకుంటే నెల నెలా కాస్త పెరుగుతుంది, డెబ్భై దాకా ఊరుకుంటే నూటికి నలభై రెండు ఎక్కువ, బతికినన్నాళ్లూ. పత్రికలోంచి ఆ పట్టిక కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఎనభై రెండు దాటి బతికితే మనదే గెలుపు, అంది. మీ అమ్మ తొంభై ఒకటి, మా అమ్మ ఎనభై తొమ్మిది, మనం ఎందుకు దాటం. ఆ ఐదేళ్లూ రిటైర్మెంటు డబ్బు ఎనభై లక్షల యెన్లు ఉంది, పొలం ఉంది, గడ్డి కోసుకుని తిందామా ఏమిటి, గడుస్తుంది. పెన్సిల్ చెవి మీంచి తీసి కింద గీత గీసింది. నువ్వేమంటావు. అతను "ఊఁ" అన్నాడు. అప్పటికి ఏ అభ్యంతరమూ లేదు. ఎనభై రెండు అన్నది కొండ అవతల ఊరి పేరు, బస్సెక్కితే వస్తుంది, రాక ఎక్కడికి పోతుంది. అప్పుడు ఏప్రిలు. ప్లాంటు వాళ్లందరికీ చేసే ఆరోగ్య పరీక్ష జూన్‌లో.

ఇరవై నాలుగు. ఒక కుర్చీ ఖాళీ అయింది, ఇంకో ఇద్దరు జరిగి కూర్చున్నారు. ఇప్పుడు తీసుకోవాలి. డెబ్భై దాకా ఆగితే కుదరదు, ఇప్పుడే, మే నుంచే. ఈ మాట అనడానికి ఏం కారణం చెప్పాలి. ట్రాక్టరు పాతబడింది అనాలి. పాతబడింది, నిజమే, కాని పదేళ్లుగా అది పాతదే. భార్యకి అరవై ఐదు నిండేదాకా మొగుడి పింఛనుకి కొంత కలిపి ఇస్తారట, ఆపితే అది పోతుందట, ఆ మాట అనాలి. ప్లాంటులో ఎవరో అన్నారు, ఆమె ఎప్పుడో లెక్కలోకి తీసుకునే ఉంటుంది. లేదా ఊరికే అనాలి, నాకు ఇప్పుడే కావాలి అని. ఎన్నడూ ఏదీ కావాలని అడగనివాడు ఇప్పుడే కావాలి అంటే ఆమె పెన్సిల్ ఆపి తలెత్తి చూస్తుంది. ఆ చూపు ముందు అతని మొహం నిలబడదు. ఆసుపత్రిలో తెల్ల గోడ మీద వెలుగు పలక, దానికి తగిలించిన బొమ్మ, డాక్టరు కలంతో ఒకచోట సున్న చుట్టాడు. క్లోమం అన్నాడు. చిన్నదే. ఇప్పుడే ఏమీ చెప్పలేం. పెరుగుతుందో లేదో చూస్తూ ఉండాలి. ప్లాంటులోనూ అలాంటి పలకే ఉంటుంది, కింద దీపం, పైన గాజు, గింజలు పరిచి చూస్తే లోపల చీలినవి సన్నని గీతతో బయటపడతాయి. పైకి నున్నగా, నిండుగా, ఏ లోటూ లేని గింజ. మరలో వేస్తే రెండు ముక్కలు. అతను ఆ సున్న వైపు చాలాసేపు చూశాడు. అలాంటి గింజల్ని ఇన్నేళ్లుగా వేలితో పక్కకి తోసేసింది అతనే.

ఇసావో నాన్న అరవై ఆరుకి పోయాడు. కడుపులో నొప్పి, వీపులోకి నొప్పి, మంచు కరిగే నెలలో మొదలై నాట్లకి ముందే అయిపోయింది. పింఛను రెండు నెలలకొకసారి వస్తుంది, పదిహేనో తారీకున. నాన్నకి ఆరుసార్లు వచ్చింది. జీవితమంతా కట్టి ఆరుసార్లు. ఆరోసారి డబ్బుతో రబ్బరు బూట్లు కొనుక్కున్నాడు, అవి తొడగనే లేదు, వాటిని ఇసావో నాలుగేళ్లు తొడిగాడు. ఆగుతూ ఆగుతూ ఉండగానే పోతే పెరిగిన భాగం ఎవరికీ రాదు. చిజుకోకి వచ్చేదీ పెరగదు. ఆ మాట పత్రికలో చిన్న అక్షరాలతో ఉంది, పట్టికకి అడుగున, ఆమె కత్తెర అక్కడిదాకా పోలేదు. అతను చదివాడు, ఆగస్టులో, ఆమె పొలంలో ఉన్నప్పుడు, ఫ్రిజ్ ముందు కాదు, పాత పత్రికల కట్టలో ఆ మిగిలిన ముక్క వెతికి. తర్వాత మళ్లీ కట్టలోనే పెట్టాడు.

జూలైలో ఒకసారి, ఆగస్టులో రెండుసార్లు, నవంబరులో ఒకసారి, జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి. కోత మిషనుకి బెల్టు చూసి వస్తా. పాత స్నేహితుడి ఇంట్లో గొట్టం పగిలింది, సాయం చేసి వస్తా. అబద్ధం చెప్పడం అంత తేలికని అతనికి తెలియదు, తక్కువ మాట్లాడేవాడిని ఎవరూ తరచి అడగరు. డబ్బు సంగతే కష్టమైంది. జీతం ఆమె చేతికి, ఆమె అతని చేతికి నెలకి ముప్పై వేలు, అందులోంచే సిగరెట్టు, టీ, ప్లాంటు వాళ్ల చావులకీ పెళ్లిళ్లకీ కవర్లు. పెద్ద మిషనులో పడుకోబెట్టి తీసిన బొమ్మకే పది వేలు దాటింది. సిగరెట్టు మానేశాడు. మానేశావే, అంది చిజుకో. దగ్గొస్తోంది అన్నాడు. రసీదులు జూలైవీ ఆగస్టువీ పెట్రోలు బంకు చెత్తబుట్టలో వేశాడు, చింపి, రెండు బంకుల్లో. నవంబరుది మాత్రం చేతకాలేదు. చెత్తబుట్ట దాకా వెళ్లి చెయ్యి ఆగిపోయింది. ఆ ఇంట్లో ముప్పై ఏడేళ్లుగా రసీదు పారేసిన మనిషి లేడు. లైసెన్సు వెనక, పర్సులో, నాలుగు మడతలు. ఇప్పుడూ అక్కడే ఉంది, వెనక జేబులో, కూర్చుంటే తెలుస్తోంది, కాగితానికి అంత మందం ఉండదు గాని తెలుస్తోంది.

"ఏం ఇసావో, నువ్వు కూడా దిగావా! సూర్యుడు ఏ వైపు లేచాడో ఇవాళ," మూడో బల్ల దగ్గర నుంచి లేచి వస్తూ గెన్‌జో. డెబ్భై రెండేళ్లవాడు, గొంతు మాత్రం గొడ్లని అదిలించే గొంతు. ఇసావో పక్క కుర్చీలో కూలబడి కాగితాలు చంకలోకి దోపుకున్నాడు. "మీ ఆవిడ నిన్ను డెబ్భై దాకా ఆగమంటోందటగా. మా ఆవిడతో అంటే విన్నాను. వినకురోయ్. నేను విన్నాను చూడు, ఐదేళ్లు నోరు కట్టుకున్నాను. పెరిగింది, ఎందుకు పెరగలేదు. పెరగ్గానే పన్ను పెరిగింది, ఆరోగ్య బీమా పెరిగింది, ముసలాళ్ల సేవకని ఇంకోటి కోస్తారు అదీ పెరిగింది. పెంచింది నాకా వాళ్లకా?"

"గెన్‌జో గారూ, మీకు పెరిగింది నోరే," అంది చిజుకో, సంచి మీంచి చేతులు తీయకుండానే. "పెరిగినదాంట్లో సగం పోయినా సగం ఉందిగా. ఉన్నదాన్ని మీరు గుర్రప్పందేల్లో పెట్టారని మీ ఆవిడే చెప్పింది."

చుట్టూ నవ్వారు. గెన్‌జో కూడా నవ్వాడు, చెవి గోక్కుంటూ. "అది పెట్టుబడమ్మా." ఇసావో నవ్వలేదు. ఆమె గొంతులో ఏదో తేడా ఉంది. డెబ్భై దాకా ఆగాలి అన్న మాట ఆమె అనలేదు. ఉన్నదాన్ని గురించి అంది, ఆగడాన్ని గురించి అనలేదు. పోయిన ఏడాదంతా ఎవరు కదిపినా పట్టిక అప్పజెప్పేది. ఎప్పటి నుంచి ఆపింది. కొత్త ఏడాది వంటలు తిన్నప్పుడు ఉంది, అల్లుడికి చెప్పింది, నలభై రెండు శాతం అని వేళ్లు చూపించి. తర్వాత? తర్వాత ఫ్రిజ్ తలుపు. ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడేముంది. చెత్త తీసుకెళ్లే రోజుల కాగితం ఉంది. మనవరాలి చేప బొమ్మ ఉంది. పట్టిక ఉన్న చోట... పట్టిక ఉన్న చోట చేప బొమ్మ ఉంది.

ఇరవై తొమ్మిది. మొదటి బల్ల దగ్గర హరుయో అవ్వ కూర్చుంది, ఎనభై ఎనిమిది, రెండు చెవులూ సరిగ్గా వినవు. ఆ బల్ల దగ్గరున్న అమ్మాయి కిందటేడు దాకా ఇదే ఊరి బళ్లో చదివిన పిల్ల, ఏటి ఒడ్డున ఉండే వాళ్ల కూతురు, టౌను ఆఫీసులో కొత్తగా చేరింది. గొంతు పెంచి అవ్వ చెవి దగ్గర చదువుతోంది. "అవ్వా, ఇది మీ వైద్య ఖర్చుల కాగితం. ఏడాదిలో ఎప్పుడెప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లారో బీమా వాళ్లే రాసి పంపిస్తారు. రసీదులు లేకపోయినా ఫర్లేదు, ఇందులో అన్నీ ఉంటాయి. ఫిబ్రవరి, కంటి ఆసుపత్రి, రెండు రోజులు. మార్చి, చర్మం డాక్టరు, నాలుగు రోజులు. ఏప్రిలు, చర్మం డాక్టరు, ఐదు..."

"ఆ చర్మం డాక్టరు అందగాడట అవ్వా," ఎవరో అరిచారు.

"ఆఁ?"

"అందగాడా అని!"

"మరీ అంత కాదు గాని చేతులు వెచ్చగా ఉంటాయి," అంది అవ్వ, గదంతా గొల్లుమంది.

రసీదులు లేకపోయినా ఫర్లేదు. ఇందులో అన్నీ ఉంటాయి. ఇసావో చేతిలోని చీటీ రెండుగా మడిచాడు. బీమా వాళ్లే రాసి పంపిస్తారు. పంపారు. జనవరి ఆఖరు వారం, ప్లాంటు ఆఫీసులో గుమాస్తా అందరికీ పంచింది, పేరు కనపడేలా కిటికీ ఉన్న తెల్ల కవరు, అతని లాకరు మీద పెట్టింది, అతను టోపీ తీసి, కవరు జేబులో పెట్టుకుని, మంచులో ఇంటిదాకా కారు నడిపి, తలుపు తీసి, బుట్టలో పడేశాడు. విప్పలేదు. ఎందుకు విప్పుతాడు. మొదటి జీతం గోధుమరంగు కవరులో వచ్చింది, నాణేలతో సహా, ప్లాంటు నుంచి ఇంటిదాకా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నడిచి అమ్మ ముందు పెట్టాడు, విప్పకుండా. పెళ్లయిన నెల అమ్మే అంది, ఇకనుంచి నీ భార్య ముందు పెట్టు. అలాగే పెట్టాడు, విప్పకుండా. ఎంతొచ్చింది అని చూసుకుని ఇచ్చేవాడికీ చూసుకోకుండా ఇచ్చేవాడికీ తేడా ఉంది, ఆ తేడాలోనే అతని మగతనం, మర్యాద, ప్రేమ, ఆ మాటలేవీ అతను ఎన్నడూ అనలేదు గాని అన్నీ అందులోనే ఉన్నాయి. జీతాలు బ్యాంకులో పడటం మొదలయ్యాక జీతం చీటీ కవరు, అదీ విప్పలేదు. రిటైర్మెంటు డబ్బు కాగితం, పన్ను తగ్గించడానికి నింపాల్సిన కాగితం, ఏది వచ్చినా బుట్ట. సంతకం ఎక్కడ పెట్టాలో ఆమె వేలు పెట్టి చూపిస్తే అక్కడ పెట్టాడు. నాలుగుసార్లు అబద్ధమాడి, రెండు బంకుల్లో రసీదులు చింపి, సిగరెట్లు మాని, ఆఖరికి ఊరూ పేరూ తారీకూ రాసిన కాగితాన్ని తన చేత్తోనే తెచ్చి ఆమె బుట్టలో వేశాడు. అలవాటు. నలభై రెండేళ్ల అలవాటు.

చూసిందా. చూడకుండా ఎలా ఉంటుంది. కాని కవర్లన్నీ ఫిబ్రవరిలో ఒకేసారి విప్పుతుంది, ఒక్కోసారి ఇక్కడికొచ్చి విప్పుతుంది. పోయినేడు కరెంటు బిల్లులు ఇక్కడే విప్పానని చెప్పలేదూ. విప్పలేదేమో. విప్పకుండా ఆ సంచిలోనే ఉందేమో. అంటే ఇంకో అరగంటలో ఆ పిల్ల గొంతు పెంచి చదువుతుంది, జూలై, జిల్లా పెద్దాసుపత్రి, ఒక రోజు, ఆగస్టు, జిల్లా పెద్దాసుపత్రి, రెండు రోజులు, పేరు చిజుకోది కాదు, ఇసావోది. గెన్‌జో వింటాడు. గెన్‌జో వింటే రాత్రి స్నానాల వేళకి ఊరంతా వింటుంది. అది కాదు. అది పోనీ. చిజుకో వింటుంది, అందరి మధ్యలో, మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియని చోట. ముప్పై. కవరు తీసెయ్యాలి. ఒక్క నిమిషం చాలు.

హరుయో అవ్వ లేచింది, కాగితాలు మోకాళ్ల మీంచి జారి నేల మీద పడ్డాయి, చెప్పు ఒకటి ఊడింది. చిజుకో లేచి వెళ్లింది. లేచేముందు సంచి ఇసావో ఒళ్లో పెట్టింది. "పట్టుకో నాన్నా. అవ్వని మెట్లు దింపి వస్తాను." అతని వైపు చూడలేదు. అవ్వ చెయ్యి పట్టుకుని, చెప్పు తొడిగి, ఒక్కో అడుగే వేయిస్తూ తలుపు దాటింది. మెట్ల మీద అవ్వ గొంతు వినపడుతోంది, ఎవరి కోడలివమ్మా నువ్వు, అని.

సంచి ఒళ్లో వెచ్చగా ఉంది, ఆమె చేతుల వేడి. గెన్‌జో ఎవరితోనో బీమా గురించి గొడవపడుతున్నాడు. ఇసావో సంచి మూతి విప్పాడు. ఆ సంచి లోపల ఎలా ఉంటుందో అతను ఎన్నడూ చూడలేదు. రబ్బరు పట్టీలతో కట్టలు, ఒక్కో కట్ట మీద చిన్న చీటీ, ఆమె గుండ్రని అక్షరాలు, డీజిలు, మందులు, విత్తనం, అద్దె మిషను. ఆకుపచ్చ కవరు, చివర కత్తెరతో తిన్నగా కోసి ఉంది. దాని వెనక తెల్ల కవరు. అదీ కోసి ఉంది. తిన్నగా, ఒక్క పోగు రేగకుండా. దానికి పిన్ను గుచ్చి ఒక పట్టిక, వైద్య ఖర్చులు, మనిషి పేరు, ఆసుపత్రి, ఎంత. చిజుకో, పళ్ల డాక్టరు. చిజుకో, పళ్ల డాక్టరు. చిజుకో, కళ్లు. అన్నీ నల్ల సిరాతో. వాటి కింద మూడు వరసలు, ఇసావో, ఇసావో, ఇసావో. అవి పెన్సిల్‌తో ఉన్నాయి. చివర మొత్తం రెండుసార్లు వేసి ఉంది. సిరాతో తొంభై మూడు వేల నాలుగు వందలు. దాని పక్కన పెన్సిల్‌తో లక్షా ఇరవై ఏడు వేలు. వైద్య ఖర్చు లక్ష దాటితేనే పన్ను తగ్గుతుంది, ఆ సంగతి అతనికీ తెలుసు, పళ్లు కట్టించుకున్న ఏడాది ఇంకో పన్నైనా పీకించుకుంటే లక్ష దాటేదని చిజుకోనే నవ్వింది. నవ్వింది డిసెంబరులో. పెన్సిల్ గీతలు లేతగా ఉన్నాయి, రబ్బరుతో ఒక్క రుద్దు రుద్దితే పోయేంత లేతగా.

మూసేశాడు. సంచి మూతి బిగించి రెండు చేతులూ దాని మీద పెట్టుకుని కూర్చున్నాడు, ఆమె కూర్చున్నట్టే. జనవరి ఆఖరి వారం. ఆ వారం నుంచే పళ్లెం తెల్లబడింది. టోఫు, ఉడికించిన తెల్ల చేప, జావ, ముల్లంగి. వేపుడు లేదు, పంది మాంసం లేదు. రిటైరవుతున్నాం కదా, పొదుపు మొదలుపెట్టింది అనుకున్నాడు. ఒకరోజు విసుగొచ్చి సోయా సాసు కాస్త ఎక్కువ పోసుకున్నాడు, ఆమె సీసా తీసి దూరంగా పెట్టింది, ఏమీ అనలేదు. ఫిబ్రవరి మొదట్లో చొక్కా జేబులో ఆసుపత్రి చీటీ, మార్చి పన్నెండు, పది గంటలకి, అని ఉన్నది, ఉతికిన చొక్కాలో అది మళ్లీ దొరికింది, తడవలేదు, నలగలేదు, ఇస్త్రీ చేసినంత తిన్నగా. ముందే తీసి పక్కన పెట్టానేమో, మళ్లీ పెట్టుకున్నానేమో అనుకున్నాడు. ఆమె మూడు వారాలుగా ఎదురుగా కూర్చుని అన్నం పెడుతోంది. రోజూ రాత్రి అదే దీపం కింద పెన్సిల్‌తో లెక్క వేసుకుంటోంది. అడగలేదు. అతను అడగనివ్వలేదు, చెప్పనూ లేదు, ఆమె రాసి, చెరిపేయడానికి వీలుగా రాసి, ఊరుకుంది. సంచి ఒళ్లో పెట్టి పోయింది. ముప్పై ఏడేళ్లలో ఒక్కసారైనా ఆ సంచి అతని చేతికి ఇచ్చిందా. అవ్వని దింపడానికి అక్కడ ఆడవాళ్లు లేరా.

ముప్పై నాలుగు. తలుపు దగ్గర ఆమె. ఊలు సాక్సుకి మంచు తడి. వచ్చి కూర్చుంది, సంచి తీసుకుంది, మూతి ముడి చూసింది. ఆమె వేసే ముడి కాదది. వేలితో ఒకసారి ముట్టుకుని వదిలేసింది. కిటికీ బయట మంచు పడటం మళ్లీ మొదలైంది. ఏదో అనాలి. ఆమె కిటికీలోకి చూస్తూ, "చలికి మన కారు స్టార్టవుతుందంటావా," అంది. "ఊఁ," అన్నాడు.

ముప్పై ఆరు మొదటి బల్లకే వచ్చింది. ఆ పిల్ల వంగి నమస్కారం చేసింది, ఇసావో గారూ మీరా, మా నాన్న మీ గురించి చెప్తుంటారు, గింజ కొరికి చెప్పేస్తారట. చిజుకో కట్టలు ఒక్కోటీ తీసి బల్ల మీద పేర్చింది. వడ్లు ఇంత, ఖర్చు ఇంత, పిల్ల వేళ్లు మీటల మీద టకటకలాడాయి. పొలం లెక్క అయింది. జీతం కాగితం అయింది. తర్వాత తెల్ల కవరు, దానికి గుచ్చిన పట్టిక. పిల్ల చూసింది. ఈసారి గొంతు పెంచలేదు, తగ్గించింది.

"అండీ, ఈ కింది మూడూ పెన్సిల్‌తో ఉన్నాయి. పెన్సిల్ తీసుకోకూడదు మేము. కలపాలంటే సిరాతో రాయాలి. వద్దంటే... పైవాటి వరకే, కాని అప్పుడు లక్ష దాటదు."

చిజుకో సంచిలోంచి కలం తీసింది. మూత విప్పింది. తను రాయలేదు. ఇసావో ముందు పెట్టింది, బల్ల మీద, ముల్లు తన వైపు, పట్టుకునే వైపు అతని వైపు.

వెనక గెన్‌జో ఇంకా ఏదో అంటున్నాడు, పొయ్యి మీద కెటిల్ బుసకొడుతోంది. ఇసావో కలం తీసుకున్నాడు. సంతకాలు తప్ప ఆ కాగితాల మీద అతను ఎన్నడూ ఏమీ రాయలేదు. ఆమె అక్షరాల మీదే, ఆమె వంపుల్లోనే, తన పేరు రాశాడు. ఆసుపత్రి పేరు. అంకె. రెండో వరస. మూడో వరస దగ్గర సిరా చిన్న చుక్క ఉబ్బింది. చిజుకో చేతి రుమాలు మూలతో అద్దింది.

"ఈ కాగితంలో ఆగస్టు వరకే ఉంది. ఆ తర్వాతవి ఏమైనా ఉంటే రసీదులు కావాలండీ," అంది పిల్ల.

చిజుకో అతని వైపు తిరిగింది. మూడు వారాల్లో మొదటిసారి నేరుగా చూసింది. కళ్ల కింద చర్మం పల్చబడి ఉంది. రోజూ చూసే మొహం, అది ఎప్పుడు పల్చబడిందో అతను చూడలేదు. "నవంబరులో గొట్టం పగిలిందని వెళ్లావుగా. ఆ రోజుది ఉందా నాన్నా, పారేశావా?"

అతను లేచి నిలబడి వెనక జేబులోంచి పర్సు తీశాడు. లైసెన్సు లాగాడు. నాలుగు మడతల కాగితం బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు, రెండుసార్లు. చిజుకో దాన్ని చూసి పెదవి లోపలికి లాక్కుంది. "ఇదొక్కటైనా మిగిల్చావు," అంది.

"వెళ్లింది రైల్లోనా కారులోనా అండీ? రైలు ఛార్జీ అయితే కలపొచ్చు. కారయితే పెట్రోలు లెక్కలోకి రాదు."

"కారు," అన్నాడు.

"వచ్చే నెల రైల్లో వెళ్తాం," అంది చిజుకో పిల్లతో, పనికొచ్చే సంగతి చెప్పినట్టు. "ఇద్దరం. నా టికెట్టు కూడా కలుస్తుందా, తోడు వెళ్తే?"

"డాక్టరు తోడు ఉండాలంటే కలుస్తుందండీ."

"అంటాడు. నేను అనిపిస్తాను."

పదకొండుకి నాలుగు నిమిషాలు. పక్క గది తలుపు ముందు రెండు కుర్చీలు, వాళ్లిద్దరే. లోపల ఎవరో పింఛను మనిషితో మాట్లాడుతున్నారు, గాజు మీద నీడలు. మంచు కిటికీకి అడ్డంగా పడుతోంది. చిజుకో ఆకుపచ్చ కవరు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆసుపత్రిలో ఏమన్నారు అని అడగలేదు. ఇసావో చెప్పాడు. క్లోమం, అన్నాడు. చిన్నదట. పెరుగుతుందో లేదో చూడాలట. పది మాటలు కూడా కాలేదు, మూడు కాలాలు పట్టింది. ఆమె తల ఊపింది, ఊపుతూనే ఉంది కాసేపు.

"రెండు భాగాలుంటాయి ఇందులో," అంది తర్వాత, కవరు మీద తడుతూ. "ప్లాంటులో చేసినదానికి ఒకటి, అందరికీ వచ్చేది ఒకటి. రెండూ ఒకేసారి తీసుకోవాలని లేదు. ప్లాంటుది మే నుంచి తీసుకుందాం. నా వాటా కలుస్తుంది దాంతో. రెండోది డెబ్భై దాకా ఆపుదాం."

"రెండూ తీసుకుందాం," అన్నాడు. "ఆపితే నీకు నష్టం. చిన్న అక్షరాల్లో ఉంది. నాన్నకి ఆరుసార్లే..."

"ఆ చిన్న అక్షరాలు నేనూ చదివాను. పాత పత్రికల కట్టలో పైనే పెట్టావుగా." ఆమె ఆకుపచ్చ కవరు అతని చేతిలో పెట్టింది. "మామయ్య లెక్క మామయ్యది. ఇన్నేళ్లూ ఇంటికొచ్చిన ప్రతి కవరూ నేనే విప్పాను. ఆ రెండోదాని కవరు నేను విప్పను. డెబ్భై వచ్చాక వస్తుంది కదా, నువ్వే విప్పాలి."

"ఊఁ."

"ఊఁ అంటే లోపల ఆయన ఒప్పుకోడు. అవునో కాదో చెప్పాలట."

తలుపు తెరుచుకుంది. లోపలి మనిషి పేరు పిలిచాడు, ఇంటి పేరుతో సహా, పూర్తిగా. ఇసావో లేచాడు. ఆకుపచ్చ చెప్పు ఒకటి మడమ నుంచి జారింది, వంగి సరిగ్గా తొడుక్కున్నాడు.

"అవును," అన్నాడు, లోపలికి పోకముందే, ఆమెతో.